ఏప్రిల్‌లో ఎవరొస్తారు?

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో, పిల్లలు హైస్కూలు సగానికి వచ్చేసరికి నేషనల్ ఆనర్ సొసైటీ మాట వినిపిస్తుంది. 1921లో పుట్టిన సంఘం అది. చదువు, సేవ, నాయకత్వం, నడవడిక చూసి చేర్చుకుంటారు. అయితే ముందు మార్కుల గడప దాటాలి. ఆ తర్వాతే ఐదుగురు ఉపాధ్యాయులు కూర్చుని మిగతా మూడూ చూస్తారు.

మా గుత్తిలో చదువుదొక దారి, సేవదొక దారి. ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గిన పేదింటి పిల్లలకు ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలొస్తాయి. సేవకు జాతీయ సేవా పథకం, ఎన్.ఎస్.ఎస్. ఉంది. గాంధీజీ శతజయంతి ఏడు 1969లో మొదలైంది. ఏడాదికి 120 గంటల పని, పల్లెలో ఏడు రోజుల క్యాంపు, చొక్కా మీద కోణార్క రథచక్రం బ్యాడ్జి. చేరతానంటే మార్కులెన్నని అడగరు. నాకు నచ్చేది అదే.

ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల ఇది. ఇక్కడ సేవంటే సగం నీళ్ల పనే. జులైలో మొక్క ఎవరైనా నాటుతారు. కానుగ మొక్కకు పాదు చేసి, తుమ్మకంప కట్టి, మేకల నోట పడకుండా ఏప్రిల్ దాటించడమే అసలు పని. అప్పటికి పరీక్షలైపోయి బాగా చదివేవాళ్లు ఈఏపీసెట్ కోచింగులకు వెళ్లిపోయుంటారు. ఒక ఎండాకాలం, సైకిలు క్యారియర్‌కు రెండు క్యాన్లు కట్టుకొచ్చిన కుర్రాణ్ని చూశాను. పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాడు. మొక్క మొదట్లో అరచెయ్యి అడ్డం పెట్టి, దాని మీదుగా సన్నగా నీళ్లు వదులుతున్నాడు. ఎందుకట్లా అంటే, ‘‘ఒకేతూరి కుమ్మరిస్తే పాదు తెగిపోతాది సార్, వేరుకు అందవు’’ అన్నాడు. ఎన్.ఎస్.ఎస్.కు మార్కుల గడప పెట్టుంటే ఈ పిల్లవాడు బయటే ఉండేవాడు. అది నాకు మింగుడుపడదు.

అలాగని చదువును తక్కువ చేయను. గుత్తిలో వకీలుగా ఉన్న కేశవ పిళ్లై 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెస్ సభకు వెళ్లారు, ఇక్కడి సంగతులు ‘ది హిందూ’కు రాసేవారు. ఈ ఊరి మాట మద్రాసు దాకా చేరిందంటే ఆయన చదువు చలవే. చదువు వచ్చినవాడు చేయగల సేవ వేరే ఉంటుంది. క్యాంపులో దానికి చోటు చాలడం లేదని నా బాధ.

అందుకే ఇంటర్ పిల్లలకు ఒకటే చెబుతున్నాను. ఎన్.ఎం.ఎం.ఎస్. నెగ్గి ఆ డబ్బుతో చదువుకుంటున్నవాళ్లు మీలో ఉన్నారు. మీ 120 గంటల్లో కొన్ని, మీ పాత బడిలో ఎనిమిదో తరగతివాళ్లకివ్వండి. ఆ పరీక్షలో మానసిక సామర్థ్యం పేపరు చూసి వాళ్లు బెదిరిపోతారు, మీరు దాన్ని దాటినవాళ్లు. ఆదాయ ధ్రువపత్రానికి ఎక్కడికెళ్లాలో, దరఖాస్తులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఎందుకుండాలో వాళ్ల అమ్మానాన్నలకు చెప్పండి. సాయంత్రం ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని మొక్కల దగ్గరికి వెళ్లండి. నీళ్లెలా పోయాలో ఆ కుర్రాడు చూపిస్తాడు.