చెవితో చదివేవాళ్ళు

పుస్తకాన్ని కళ్ళతోనే చదవాలని ఎవరు చెప్పారు? మా అమ్మమ్మకి అక్షరమ్ముక్క రాదు. అయినా భాగవత కథలన్నీ ఆవిడకి కొట్టినపిండి. పురాణం చెప్పే పంతులుగారు ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో ఎరిగినవాడు కనుక, ఒక ఘట్టం ముగిసి ఇంకోటి మొదలైందని ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఈ రోజుల్లో ఆ పంతులుగారి పని కంప్యూటరు చేస్తోంది. తెరమీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్లు వచ్చాయి. వాటిలో ఎన్‌వీడీఏ అనేదాన్ని పైసా ఖర్చులేకుండా తెచ్చుకోవచ్చు. దాన్ని నిలబెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు చూపులేని యువకులే! అయితే ఈ కొత్త పంతులుగారితో ఒక చిక్కుంది. పీడీఎఫ్ పుస్తకంలో ఏది అధ్యాయం పేరో, ఏది కథో ముందే ఎవరైనా ఆయన చెవిలో వేసి ఉండాలి.

ఈ సంగతి నాకు తెలిసింది ఒక పాఠకురాలి వల్ల. ఆవిడ స్కూలు టీచరు. పుట్టుకతోనే చూపు లేదు. ఓ సాయంత్రం ఫోన్ చేసి, "మేడమ్, మీ నవల పీడీఎఫ్ తెప్పించుకున్నాను. మొదటి పేజీనుంచీ ఏదో ఇంగ్లీషు మంత్రాల్లా వినిపిస్తోందండీ!" అంది.

కారణం విన్నాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన డీటీపీల్లో ఏళ్ళ తరబడి వాడిన పాత ఫాంట్లలో తెలుగు పైవేషం మాత్రమే. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. కంటికి 'అమ్మ' అయినది యంత్రానికి అర్థంలేని ఇంగ్లీషు ముక్క. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే సొంత ఇల్లు దొరికింది, మనవాళ్ళే చాలామంది ఆ ఇంట్లోకి వెళ్ళలేదు.

ప్రచురణకర్తగారు యూనికోడ్‌లోకి మార్చి పంపించారు. వారం తిరిగేసరికి మళ్ళీ ఫోను.

"ఇప్పుడు కథ వినిపిస్తోందండీ. వాక్యం మధ్యలో మీ పేరూ, పేజీ నంబరూ దూరుతున్నా సర్దుకున్నాను. కానీ సుమతి ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళిందండీ?"

నా గుండె జారిపోయింది. ఆ కారణమంతా ఒక ఉత్తరంలో ఉంది. అందంగా ఉంటుందని ప్రచురణకర్తగారు దాన్ని చేతిరాతతో రాయించి బొమ్మగా వేశారు. ఆవిడ యంత్రం "బొమ్మ" అని పలికి ముందుకు సాగిపోయింది. నవలంతా చదివిన మనిషికి నవలే అందలేదు!

మా అక్క కొడుకుతో మొరపెట్టుకున్నాను. వాడికి లేటెక్ అంటే ప్రాణం. తన పుస్తకం అచ్చు నచ్చక డొనాల్డ్ క్నూత్ అనే ప్రొఫెసరు 1977లో 'టెక్' అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేరుకి పూనుకుంటే, లెస్లీ లాంపోర్ట్ దానిమీద 1980లలో లేటెక్‌ని కట్టాడట.

"ఇందులో 'అక్షరాలు లావు చెయ్యి' అనం పిన్నీ, 'ఇది అధ్యాయం పేరు' అంటాం. లావు సంగతి అదే చూసుకుంటుంది."

"అంత తెలిసిందయితే ఆ మాట పీడీఎఫ్‌కి ఎందుకు చెప్పదురా?"

"కాగితమ్మీద బాగుంటే చాలనుకున్న రోజుల్లో పుట్టింది కదా! ట్యాగులు పెట్టడం ఈమధ్యే నేర్చుకుంటోంది."

ట్యాగంటే మరేం లేదు, ఊరగాయ జాడీకి అంటించే చీటీ లాంటిది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది బొమ్మ, ఇది తెలుగు భాష, ఈ పేజీ నంబరు చదవక్కర్లేదు అని లోపల రాసిపెట్టడం. ఈ చీటీలన్నీ ఎలా ఉండాలో చెబుతూ 2012లో పీడీఎఫ్/యూఏ అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాన్ని పాటించామో లేదో చూసుకోవడానికి మాటర్‌హార్న్ ప్రోటోకాల్ పేరుతో 136 లోపాల పట్టిక కూడా ఉంది. వాటిలో 47 మాత్రం యంత్రానికి అంతుపట్టవు, మామూలుగా మనిషే చూసి తేల్చాలి.

వాడు మూడు రాత్రులు మేలుకుని నవలంతా మళ్ళీ కూర్చాడు. పరీక్షించే సాఫ్ట్‌వేరు తప్పులేమీ లేవంది.

"పాసయ్యాం పిన్నీ!"

"ఉత్తరం బొమ్మకి ఏం వివరణ రాశావురా?"

"'బొమ్మ 1' అని."

చూశారా! వివరణ ఉందా లేదా అన్నంతవరకే యంత్రానికి తెలుసు. దానివల్ల మనిషికి ఏమైనా తెలుస్తుందా అన్నది యంత్రం అడగదు. ఆ 47లోకి వచ్చేది ఇలాంటిదే. వాడిని లేపి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఉత్తరమంతా అక్షరాల్లో కొట్టించాను. బొమ్మకి 'వణికిన చేతిరాత. చివరి వరసలో సిరా చెదిరి రెండు మాటలు అలుక్కుపోయాయి' అని రాశాను. రాస్తుంటే, ఆ రెండు మాటలూ అలుక్కుపోవడమే కథకి ప్రాణమని నాకే కొత్తగా తోచింది.

చూపులేనివారి కోసం ఇలాంటి ప్రతులు తయారుచేసుకోవచ్చని 2012లోనే మన కాపీరైటు చట్టాన్ని సవరించారు. ఈ విషయమై కుదిరిన మర్రాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మనమే. చట్టం తలుపు తీసింది సరే, లోపలికి దారి వెయ్యాల్సింది పుస్తకం రాసేవాళ్ళూ, అచ్చుకి కూర్చేవాళ్ళూ.

కొత్త ప్రతి పంపిన నాలుగో రోజున టీచరుగారు ఫోన్ చేశారు. కృతజ్ఞతలు చెబుతారేమోనని కాస్త బెట్టుగానే ఎత్తాను.

"ఆ ఉత్తరం చదివానండీ. ఆ మాత్రం దానికి ఇల్లు వదిలి వెళ్తుందా మేడమ్? సుమతిది ముమ్మాటికీ తప్పే!"

అరగంట సేపు వాదించుకున్నాం. ఆవిడ ఒక్క మెట్టు దిగితే ఒట్టు.