స్విచ్చి చెప్పిన సాక్ష్యం

కథలూ కవితలూ ఉండవలసిన పుటల్లో ఈ కంప్యూటరు గొడవేమిటని విసుక్కోకండి. ఇందులోనూ ఒక మనిషి ఉన్నాడు.

నెల రోజులుగా మా ల్యాబులో రాత్రిపూట నెట్‌వర్కు పోయేది. అటెండరే ఇంటికి పోతూ స్విచ్చి ఆపేస్తున్నాడని పైవాళ్ల అనుమానం. ఆయనది కాంట్రాక్టు ఉద్యోగం. పొడిగింపు కాగితం సంతకం కాకుండా ఆగిపోయింది. "నేను దాని జోలికే పోలేదు బాబూ" అనేవాడు. ఎవరు నమ్ముతారు?

స్విచ్చినే అడిగితే పోలా అని నాకు తోచింది. 1988లో వెలువడిన ఎస్.ఎన్.ఎమ్.పి. అనే పద్ధతి ఉన్నదే ఇందుకు. యంత్రం ఎంతసేపటి నుంచి నడుస్తోంది, ఏ పోర్టు పనిచేస్తోంది, ఇలా ప్రతి సంగతికీ ఒక అంకెల చిరునామా ఉంటుంది. ఎంతసేపటి నుంచి అన్నదానికి 1.3.6.1.2.1.1.3.0. దాన్ని చిన్న పాకెట్టులో పెట్టి యు.డి.పి. 161వ పోర్టుకు పంపాలి, అంతే.

"అంతే" అన్నాను గానీ, ఆ పాకెట్టును బైటు బైటుగా కట్టడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మొదటి రెండంకెలు విడివిడిగా పోవు; మొదటిదాన్ని 40తో హెచ్చవేసి, రెండోది కలిపి, 43 అని ఒకే బైటుగా పంపాలి. ఎంత పిసినారితనమో చూడండి! పైగా పాస్‌వర్డు లాంటి మాట ఒకటి తోడు పంపాలి. అది తప్పయితే స్విచ్చి కసరదు, కాదనదు, ఊరుకుంటుంది. చదవడానికి మాత్రమే పనికొచ్చే ఆ మాట మా మాస్టారిచ్చారు.

నాలుగోనాడు జవాబొచ్చింది: 35,51,19,642. సెకనులో నూరోవంతుల లెక్క అది. భాగిస్తే 41 రోజుల 2 గంటల 26 నిమిషాలు. అంటే ఒక్క రాత్రి కూడా దాన్ని ఎవరూ ఆపలేదు! (సుమారు 497 రోజులకు ఈ లెక్క మళ్లీ సున్నాకొస్తుంది. కనుక అంతకన్నా ఎక్కువే నడిచి ఉండొచ్చు గాని, తక్కువ మాత్రం కాదు.)

ఇక ప్రోగ్రాముచేత రాత్రంతా నిమిషానికోసారి పోర్టులను అడిగించాను. ఆఫీసు భవనానికి పోయే పోర్టు సాయంత్రమంతా 1 అంది, అంటే బాగున్నట్టు. తొమ్మిది దాటగానే 2, అంటే లైను లేనట్టు. విచారిస్తే, కరెంటు పొదుపు కోసం ఆ వేళకు ఆఫీసులో మెయిను కట్టేయమని ఆర్డరు వేసింది సాక్షాత్తూ పైవాళ్లే!

ఆ శనివారమే కాగితం మీద సంతకం పడింది. నేను చూపించిన అంకెలకేసి అటెండరు చాలాసేపు చూశాడు.

"అది మాట్లాడుద్దని తెలిసినోళ్లు, ముందు దాన్నే అడగొచ్చుగా బాబూ" అన్నాడు.