నక్షత్రం నుండి హద్దురాయి వరకు

మోజణీ అనగానే గొలుసు, హద్దురాయి స్ఫురించడం సహజం. తెలుగు బోధించే నాకూ అంతే. కాని ఆ శాస్త్రం చూపు ఆకాశం మీద ఉన్నది. కరీంనగర్ నుండి ఆదిలాబాదుకు వెళితే ధ్రువతార సుమారు ఒకటింబావు డిగ్రీ ఎక్కువ ఎత్తున కనబడుతుంది. ఆ ఎత్తే దాదాపుగా ఆ చోటి అక్షాంశం. 1802లో మద్రాసు సమీపాన ఆధారరేఖ కొలిచిన లాంబ్టన్ తారలను చూస్తూ ఉత్తరానికి సాగి, 1823లో ఆదిలాబాదు ఆవల, నాగపురం దారిలోని హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు.

జెనిత్, నాదిర్, అజిమత్ అనే మాటలకు మన విద్యార్థులు బెదరనక్కరలేదు. అవి అరబ్బీ నుండి ఆంగ్లంలోకి పోయినవే. ఇంట్లో దిక్కును ‘సమ్త్’ అనేవారికి అజిమత్ పరాయిదా? రైతు నోటి ‘హద్దు’ కూడా అరబ్బీదే కదా!

ఇక విమానం. వరుస ఛాయాచిత్రాలను సుమారు 60 శాతం ఒకదానిపై ఒకటి పడేట్లు తీస్తారు. జంట చిత్రాలు రెండు కన్నులవలె గుట్టల ఎత్తును పట్టిస్తాయి. అయితే ఆదిలాబాదు టేకు అడవిలో ఆకులు నేలను కప్పేస్తాయి. పొలాల్లో గెట్టు కనబడుతుంది, అది ఎవరిదో కనబడదు. గుంట అంటే 121 చదరపు గజాలే, కాని పేదరైతుకు అది చిన్నది కాదు. ఉపగ్రహాలు వచ్చిన నేడు కూడా గెట్టు తగవు వస్తే సర్వేయరు నడిచి వెళ్లి, ఇరుగుపొరుగు రైతుల ఎదుట కొలిచి, పంచనామా వ్రాయవలసిందే.