నిశ్శబ్దం: రోజుకి 400 రూపాయలు

మీ ఇంట్లో ఫ్రిజ్ ఎంత గట్టిగా మోగుతుందో ఎప్పుడైనా విన్నారా? రోజూ పక్కనే ఉంటుంది కాబట్టి మన చెవికి అలవాటైపోతుంది. మైకుకి అలాంటి అలవాట్లు ఉండవు. ఫ్రిజ్, ఫ్యాను, పక్కింటి మిక్సీ, వీధి చివర బోరు మోటారు... అన్నీ దానికి వినపడతాయి. హీరోయిన్ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని గుసగుసగా మాట్లాడుతుంటే, వెనకనుంచి ఉల్లిపాయల ఆటో మైకులో రేటు చెప్పుకుంటూ వెళ్లిందనుకోండి. ఆ టేక్ గోవిందా.

నేను చిన్న సినిమాలకి సౌండ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తాను. పొడవాటి కర్ర చివర మైకు పెట్టుకుని, ఫ్రేములో పడకుండా నటుల తలల పైన పట్టుకుంటారే, ఆ బూమ్ పట్టుకునే అమ్మాయిని నేనే. గాలి హోరు పడకుండా మైకుకి ఒక బొచ్చు తొడుగు ఉంటుంది. మేం షూటింగ్ చేసిన ఊళ్లో పిల్లలు దానికి 'కుక్కపిల్ల' అని పేరు పెట్టారు. రోజూ పొద్దున్నే వచ్చి దాన్ని ఒకసారి నిమిరి బడికి వెళ్లేవాళ్లు.

మన దగ్గర చాలా సినిమాలకి సెట్లో రికార్డు చేసే గొంతు గుర్తు కోసమే. అసలు డైలాగ్ తర్వాత స్టూడియోలో డబ్బింగ్ చెబుతారు. మాలాంటి చిన్న సినిమాలకి అది కుదరదు. మా నటుల్లో సగం మంది జీవితంలో కెమెరా చూడనివాళ్లు. పొలంలో నిలబడి సహజంగా తిట్టిన తిట్టుని, రెండు నెలల తర్వాత ఏసీ గదిలో పెదవులు చూసుకుంటూ మళ్లీ తిట్టమంటే వాళ్లవల్ల కాదు. అందుకే సింక్ సౌండ్. అంటే సెట్లో ఏ గొంతు పలికిందో థియేటర్లో కూడా అదే గొంతు. 2001లో 'లగాన్' ఇలాగే తీశారని మా సౌండ్ అన్న ప్రతి కొత్తవాడికీ చెబుతాడు. వాళ్ల బడ్జెట్ మాత్రం చెప్పడు.

మా బ్యాచ్‌లో అందరికీ పిచ్చి ఎక్కించిన సినిమా మాత్రం 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'. వెంకటేష్ మహా దాన్ని విశాఖపట్నంలోని కంచరపాలెంలో, ఎక్కువగా అక్కడి మనుషులనే నటులుగా పెట్టి తీశారు. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో గుండె డాక్టరు. స్టార్లు లేకుండా సినిమా తీయొచ్చని, జనం చూస్తారని మాకు అప్పుడు నమ్మకం కుదిరింది. తర్వాత 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో 'సినిమా బండి' వచ్చింది. ఆటోలో దొరికిన కెమెరాతో ఊరంతా కలిసి సినిమా తీసే కథ. అది చూసినవాళ్లంతా 'ఎంత ముద్దుగా ఉందో' అన్నారు. నిజమే. కాకపోతే ఆ ముద్దు వెనక లెక్కలేంటో సెట్‌కి వెళ్తే గానీ తెలియదు.

మా షూటింగ్ 22 రోజులు. విజయనగరం నుంచి గంట ప్రయాణం. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టాం. యూనిట్ మొత్తం కలిపి 17 మందిమి. కారవాన్ లేదు, జనరేటర్ లేదు. ఆడవాళ్లం నలుగురం ఒకే గదిలో. లొకేషన్‌లో బాత్రూం లేదు కాబట్టి ఎదురింటి మామ్మగారిని అడిగి వెళ్లేవాళ్లం. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు గానీ, రోజుకి ఎన్నిసార్లు అడుగుతామని మేమే నీళ్లు తాగడం తగ్గించాం. చిన్న సినిమాల్లో పనిచేసిన ఏ అమ్మాయినైనా అడగండి, ఈ విషయం చెబుతుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి లేవడం. ఐదున్నరకి టీ. ఆరింటికి మొదటి షాట్. టిఫిన్ ఒక రోజు ఇడ్లీ, ఒక రోజు ఉప్మా. మధ్యాహ్నం ఊళ్లోనే ఒకావిడ వండిపెట్టేది. ఆవపెట్టిన పనసపొట్టు కూర చేసిన రోజు కెమెరామెన్ లంచ్ బ్రేక్ పొడిగించమని డైరెక్టర్ని బతిమాలాడు. కెమెరా అద్దె రోజు లెక్కన కాబట్టి, ఎన్ని గంటలు తీస్తే అంత లాభం అని ప్రొడక్షన్ వాళ్ల లెక్క. రాత్రి పదింటికి ప్యాకప్ అన్న రోజులున్నాయి. పడుకునే ముందు అమ్మ హనుమకొండ నుంచి ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా" అంటే, "తిన్నా" అనేలోపే కళ్లు మూతపడేవి.

డబ్బు తక్కువ ఉన్నప్పుడు సినిమావాళ్లు అన్నీ అడిగి తెచ్చుకుంటారు. ఒకరింట్లో మంచం, ఇంకొకరింట్లో ఇత్తడి బిందె, సర్పంచ్‌గారి బైకు. ఇవన్నీ డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ ఒక పుస్తకంలో రాసుకుని, పని అయ్యాక తిరిగిచ్చేస్తారు. మా డిపార్ట్‌మెంట్ అడిగేది మాత్రం పుస్తకంలో ఎక్కదు. మేం ఊరిని నిశ్శబ్దం అడుగుతాం. "ఒక్క పది నిమిషాలు టీవీ ఆపుతారా?" "ఆ మోటారు కాసేపాగి వేస్తారా?" "బాబూ, బండి ఇక్కడే ఆపి తోసుకుంటూ వెళ్తావా?" 22 రోజుల్లో నేను బూమ్ ఎంత మోశానో, ఇలా బతిమాలడం కూడా అంతే చేశాను.

అప్పుగా తెచ్చింది జాగ్రత్తగా తిరిగివ్వడానికి సౌండ్‌వాళ్లకి ఒక చిట్కా ఉంది. ఎవరింట్లోనైనా ఫ్రిజ్ ఆపితే, మా వ్యాన్ తాళం అందులో పెట్టేస్తాం. ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయకుండా, తాళం లేకుండా ఎక్కడికీ కదల్లేం కదా! వాళ్ల పాలు విరగవు, మా పరువూ పోదు. ఫ్రిజ్‌కి అలా చిట్కా ఉంది. ఊళ్లో ఆగిపోయిన పనికి మాత్రం ఏ చిట్కా లేదని మాకు టైలరక్క నేర్పింది.

మా హీరోయిన్ ఇల్లుగా తీసుకున్న పెంకుటిల్లు పక్క గోడే ఆవిడది. ముందు గదిలో మోటారు పెట్టిన కుట్టుమిషను. ఇంట్లో తీయాల్సిన సీన్లకి వారం పడుతుంది. మొదటి రోజు వెళ్లి అడిగాను. "దానికేటి పాపా, ఆపుతాను" అంది నవ్వుతూ. రెండో రోజు కూడా ఆపింది. మూడో రోజు మధ్యాహ్నం సీన్ మధ్యలో మిషను మొదలైంది. టర్రుమని. డైరెక్టర్ కట్ చెప్పి నావైపు చూశాడు. నేను గోడ అవతలికి పరిగెత్తాను.

"అక్కా, ఇంకొక్క అరగంట..."

ఆవిడ మిషను ఆపింది గానీ ఈసారి నవ్వలేదు. పక్కనే దండెం మీద ఉన్న జాకెట్ గుడ్డలు చూపించింది. "మాఘమాసం పాపా. పెళ్లిళ్లు. ఏడాదిలో నాకు నాలుగు డబ్బులు కనపడేది ఈ నెల్లోనే. రెండ్రోజుల్నుంచి పగలంతా ఆపీసి కూకున్నాను. రాత్రి కుడదావంటే కళ్లు కనపడవు. మీ సినిమా ఆడితే పేరు మీకొస్తది. నా జాకెట్టు లేటైతే ఆర్డరు పక్కూరికెల్లిపోద్ది."

నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ కోపంగా కూడా అనలేదు, లెక్క చెప్పింది అంతే. రోజుకి ఎన్ని కుడుతుందో, ఒక్కోదానికి ఎంత తీసుకుంటుందో, కొలతల పుస్తకం తెరిచి చూపించింది. కరెంటు, దారం పోగా రోజుకి 400 మిగులుతుందట.

ఆ సాయంత్రం నేను మేనేజర్ గారికి చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "టైటిల్స్‌లో థాంక్స్ కార్డు వేద్దాం" అన్నాడు. థాంక్స్ కార్డుతో ఆవిడ బియ్యం కొనుక్కోలేదన్నాను. "ఊళ్లో ఒకరికిస్తే అందరూ అడుగుతారు" అన్నాడు. అదీ నిజమే కావచ్చు. ఆయన చేతిలో ఉన్న డబ్బు కూడా లెక్కపెట్టిన డబ్బే. కానీ అదే రోజు మేం డ్రోన్ షాట్ కోసం విశాఖ నుంచి కుర్రాణ్ణి పిలిపించాం. ఆకాశం నుంచి ఊరిని చూపించడానికి బడ్జెట్ ఉంది, ఊళ్లో మనిషికి ఇవ్వడానికి లేదా అని అడిగాను. గొంతు కొంచెం పెరిగినట్టుంది. లైట్‌మెన్ అన్నలు కూడా టీ గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు.

డైరెక్టర్ అన్న అంతసేపూ మాట్లాడలేదు. తర్వాత కాల్‌షీట్ కాగితం తీసి, సీన్లని రెండు రకాలుగా విడగొట్టాడు. డైలాగులున్నవి ఒకవైపు, మాటల్లేనివి ఇంకోవైపు. మిగిలిన నాలుగు రోజులూ డైలాగ్ సీన్లు ఉదయం ఆరు నుంచి పదకొండు వరకు. తర్వాత మాటల్లేని షాట్లు. ఆ టైంలో అక్క మిషను ఎంతైనా తొక్కుకోవచ్చు. డ్రోన్ ఒక రోజు తగ్గించారు. మేనేజర్ గారు ఖర్చుల పుస్తకంలో కొత్త లైను రాశారు: 'నిశ్శబ్దం, రోజుకి 400.' ఆగిపోయిన మొదటి రెండు రోజులకీ, మూడో రోజుకీ కలిపి 1,200 ఇచ్చారు. మిగతా నాలుగు రోజులూ పొద్దున పూట ఆపినందుకు సగం చొప్పున 800. మొత్తం రెండు వేలు.

డబ్బు తీసుకెళ్లి ఇస్తే అక్క రెండుసార్లు లెక్కపెట్టుకుంది. "ఏటీ, మిషను తొక్కకపోయినా డబ్బులిస్తారేటి మీ సినిమావోళ్లు!" అని పగలబడి నవ్వింది. మర్నాడు నా ప్యాంటు జేబు చిరిగితే ఊరికే కుట్టిచ్చింది.

'తక్కువ బడ్జెట్ సినిమా' అనే మాట విన్నప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ లైను గుర్తొస్తుంది. సినిమాకి అయ్యే ఖర్చు మాయమైపోదు. నిర్మాత కట్టనిది ఇంకెవరో కడతారు. జాకెట్లు కుట్టుకోలేక టైలరక్క కడుతుంది. నిద్ర మానుకుని అసిస్టెంట్లు కడతారు. రెండు వారాలు సెలవు పెట్టి, జీతం కోత పడి, మా హీరో నాన్న పాత్ర వేసిన నాటకాల మాస్టారు కట్టారు.

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు వేతనాలు 30 శాతం పెంచాలని షూటింగులు ఆపినప్పుడు, మా గ్రూపులో పెద్ద చర్చే జరిగింది. 'వాళ్లకి యూనియన్ ఉంది, ఆపగలిగారు. మనకెవరున్నారు?' అని ఒకడు పెట్టాడు. ఎవరూ రిప్లై ఇవ్వలేదు. మాకు కాగితం లేదు, కార్డు లేదు. ఉన్నదల్లా 'అన్నా, నువ్వే చూస్కో' అనే మాట. నాకు మాట్లాడుకున్న దాంట్లో సగం వచ్చింది. మిగతా సగం 'సినిమా అమ్ముడయ్యాక'. ఎడిటింగ్ ఇంకా నడుస్తోంది.

మరి ఎందుకు చేస్తున్నావ్ అంటారా? ఆఖరి రాత్రి గురించి చెప్పాలి.

ప్రతి లొకేషన్‌లో పని అయిపోయాక 'రూమ్ టోన్' అని ఒకటి రికార్డు చేస్తాం. ఎవరూ మాట్లాడకుండా, కదలకుండా ఒక నిమిషం ఆ చోటు ఎలా ఉంటుందో అలా. ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య ఖాళీలు పూడ్చడానికి అది కావాలి. నిశ్శబ్దం కూడా చోటుకో రకం. పెంకుటింటి నిశ్శబ్దం వేరు, చెరువుగట్టు నిశ్శబ్దం వేరు.

22వ రోజు రాత్రి రామాలయం ముందు గుమ్మడికాయ కొట్టాం. ఊరు ఊరంతా వచ్చింది. పిల్లలు కుక్కపిల్ల చుట్టూ మూగారు. అక్కడ రూమ్ టోన్ బాకీ ఉంది. రెండు వందల మందిలో అదెలా తీయాలో తెలియక, మా సౌండ్ అన్న రేపు పొద్దున చూద్దామన్నాడు. నేను ఊరికే గట్టిగా అడిగాను: "ఒక్క నిమిషం అందరూ ఊపిరి మాత్రమే పీల్చుకోండి. మీ ఊరి శబ్దం పట్టుకెళ్తాం."

అందరూ ఆగిపోయారు. చంకలో పిల్లలతో సహా. హెడ్‌ఫోన్స్‌లో గుడి గంటని గాలి తాకుతున్న చప్పుడు, దూరంగా ఎవరి దొడ్లోనో గేదె, ఎవరిదో గాజుల సవ్వడి. అంతమంది మనుషులు కలిసి నిశ్శబ్దంగా ఉంటే, ఆ నిశ్శబ్దానికి ఒక బరువు ఉంటుంది. ఏ స్టూడియోలోనూ దాన్ని తయారుచేయలేం. ఆ నిమిషం కోసం నేను ఇంకో 22 రోజులు ఉప్మా తింటాను. అది నిజం. కానీ నాకు ఇష్టం ఉన్నంత మాత్రాన ఆ డబ్బు బాకీ తీరిపోదు. అదీ నిజమే.

కాబట్టి ఇది చదివి, ఏదైనా చిన్న సినిమా సెట్‌కి వెళ్లాలనిపిస్తే వెళ్లండి. ఆరు నెలల్లో నేర్చుకునేది మూడు వారాల్లో వచ్చేస్తుంది. వెళ్లేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు, వాట్సాప్‌లోనైనా రాసివ్వమనండి. రోజుకి ఎన్ని గంటల పని? బాత్రూం ఎక్కడ? రాత్రి ప్యాకప్ అయితే ఇంటికి ఎవరు దింపుతారు? ఇవి అడిగితే 'సినిమా మీద ప్యాషన్ లేదు' అనేవాళ్లు దొరుకుతారు. అననివ్వండి.

ఐదో ప్రశ్న మీ కోసం కాదు. 'మనం ఆపే మిషను ఎవరిది?' అని అడగండి.