నాన్న కారుకి కొత్త స్పీకర్లు

మా నాన్న కారు 2009 మోడల్ సెడాన్. కంపెనీ పేరు ఎందుకులెండి, ఈ కథలో ఆ కారు తప్పేమీ లేదు. నేను మొదటిసారి ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన ఊపులో కొనిచ్చాను. "పార్వతీపురంలో నాకు కారెందుకురా, సైకిలు తొక్కితే ఈ చివర్నుంచి ఆ చివరికి పావుగంట" అన్నారు. కానీ తర్వాత ఆయనా అమ్మా కలిసి ఇటు బొబ్బిలి, అటు సాలూరు, ఏ పెళ్ళీ పేరంటం వదలకుండా తిరిగారు. బండి ఇప్పటికీ శుభ్రంగా ఉంది. ఆయన దాన్ని రోజూ తుడుస్తారు, నేను నా లాప్‌టాప్ ఎప్పుడు తుడిచానో నాకే గుర్తులేదు.

2024 సంక్రాంతికి ఊరెళ్ళాను. తెల్లారుజామున స్టేషన్‌కి నాన్న కారు తెచ్చారు. డోరు తీయగానే ఘంటసాల నా మీద పడ్డాడు. స్టీరియోలో వాల్యూము నలభైకి ముప్ఫై మీదుంది. ఎడమవైపు ముందు స్పీకరు "బర్ర్ బర్ర్" మంటోంది. పద్యం అందుకున్నప్పుడల్లా ఘంటసాలగారికి జలుబు చేసినట్టుంది.

"నాన్నా, ఈ స్పీకర్లు పోయాయి. మార్చేద్దాం."

"ఏటయ్యింది వాటికి? బాగానే వినబడతంది కదా!"

నా సంగతి మీకు తెలుసుగా, మన జాతే అంత. సమస్య అంటూ కనబడితే పరిష్కారం ముందు పుడుతుంది, ప్రశ్నలు తర్వాత. ఆ రాత్రి అమ్మ అరిసెలు వండుతుంటే నేను ఫోనులో స్పీకర్ల స్పెసిఫికేషన్లు చదువుతూ కూర్చున్నాను. మూడు రోజుల్లో ఆ విషయంలో చిన్న సైజు పండితుణ్ణి అయిపోయాను. కనక కాస్త పాండిత్యం ఇక్కడ ఒలకబోస్తాను, పాత కారున్న వాళ్ళకి పనికొస్తుంది.

ఒకటి: డబ్బా మీద పెద్దక్షరాలతో వేసే 300 వాట్లు, 400 వాట్లు చూసి మోసపోకండి. అది క్షణకాలం తట్టుకునే గరిష్ఠం. చూడాల్సింది ఆర్.ఎం.ఎస్. వాట్లు. మీ పాత స్టీరియో మీద 4×50 అని రాసి ఉన్నా, అది నికరంగా ఒక్కో స్పీకరుకి ఇవ్వగలిగేది సుమారు ఇరవై వాట్లే.

రెండు: అందుకని విడిగా ఆంప్లిఫయరు పెట్టే ఉద్దేశం లేకపోతే, సెన్సిటివిటీ ఎక్కువున్న స్పీకరు కొనాలి. అంటే ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ మోగుతుందనే లెక్క. అందులో మూడు డెసిబెల్స్ తేడా ఉంటే, అదే మోతకి సగం కరెంటు చాలు.

మూడు: పాత స్పీకర్లలో ముందుగా పోయేది చాలాసార్లు కాగితం కోను కాదు, దాని చుట్టూ ఉండే మెత్తటి అంచు. ఫోము అంచయితే ఏళ్ళు గడిచేసరికి పొడిపొడిగా రాలిపోతుంది. మాదీ అదే. వేలితో ముట్టుకుంటే పాత అప్పడంలా విరిగింది.

ముందు తలుపులకి కాంపోనెంట్ సెట్టు తెప్పించాను. అంటే ఊఫరు వేరు, ట్వీటరు వేరు, రెంటికీ పనులు పంచే క్రాసోవరు మధ్యలో. వెనక్కి మామూలు కోయాక్సియల్స్. బిగించడానికి ఎవరైనా ఉన్నారా అని అడిగితే, సాలూరు నుంచి ఒకాయన్ని రప్పించారు. మా వైపు సాలూరంటే లారీలు. ఈయన ముప్ఫయ్యేళ్ళుగా లారీలకి వైరింగ్ చేస్తున్నాడు. నా యూట్యూబ్ జ్ఞానమంతా ఓపిగ్గా విని, "అలగే బావూ" అని, తనకి తెలిసిన పద్ధతిలో చేసుకుపోయాడు.

తలుపు ప్యానెల్ విప్పగానే లోపల అంటించి ఉన్న ప్లాస్టిక్ షీటు పీకబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. "అది చింపకండి బావూ. అద్దం మీంచి వాన్నీళ్ళు తలుపులోకే దిగుతాయి. ఆ షీటు లేకపోతే అట్టంతా నానిపోద్ది." స్పీకరు సైజు పాత కంతకి సరిపోలేదు. లారీ బాడీ కట్టగా మిగిలిన ప్లైవుడ్ ముక్క తెచ్చి, గుండ్రంగా కోసి, నీళ్ళు పీల్చకుండా పెయింటు కొట్టి రింగు చేశాడు. నేను ఆన్‌లైన్లో చూసిన రింగులు దీనికి నాలుగు రెట్లు ధర.

తలుపు రేకు మీద బ్యూటైల్ షీట్లు అంటిస్తుంటే, స్పీకరుకి ఇదంతా ఎందుకని నాన్న అడిగారు. స్పీకరు ముందుకి ఎంత శబ్దం చేస్తుందో వెనక్కీ అంతే చేస్తుంది, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి, అందుకే మధ్యలో గట్టి గోడ ఉండాలి, ఆ రేకు అదరకూడదు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అంటే బొబ్బిలి వీణకి కుండలాగా" అన్నారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణలు చేస్తారు. సరిగ్గా ఒకే సూత్రం కాదుగానీ, శబ్దం తీగెలోనే లేదు, అది కూర్చున్న ఇంట్లో కూడా ఉందన్న విషయం ఆయనకి నాకన్నా ముందే తెలుసు.

చివర్లో నా తెలివి ఒకటి. కుడివైపు స్పీకరు వైర్లు నేనే కలుపుతానని పట్టుబట్టి, ప్లస్సూ మైనస్సూ తిరగేశాను. పాట వస్తోంది కానీ తబలా మాయమైంది. సాలూరాయన నవ్వి, జేబులోంచి పెన్సిల్ సెల్ తీసి వైర్లకి ఆనించాడు. ఒక కోను బయటికి పొంగింది, రెండోది లోపలికి పోయింది. "ఇద్దరూ ఒకే దిక్కు తొయ్యాలి బావూ" అన్నాడు. మా ప్రాజెక్టు మీటింగుల్లో గోడ మీద రాయించదగ్గ మాట.

వెళ్ళే ముందు ఆయనకి ఇంకో పని చెప్పాను. "నాన్న కారు ఇండికేటరు రిలే చూడండి. మలుపు తిరిగాక కూడా ఆగట్లేదు, కిలోమీటర్లకి కిలోమీటర్లు కొట్టుకుంటూనే ఉంది." చూశాడు. "రిలే బాగానే ఉంది బావూ. లైను మారి వచ్చేసినప్పుడు స్టీరింగు అంత తిరగదు, దాంతట అది ఆగదు. చేత్తో ఆపాల." నేను పట్టించుకోలేదు.

కనుమ మర్నాడు ముగ్గురం కొమరాడ రోడ్డున బయల్దేరాం, రాజ్యలక్ష్మీపురం దగ్గర ఝంఝావతి రబ్బరు డ్యాం దాకా. 2006లో మొదలైన ఆ డ్యాముని అమ్మ ఇంతవరకూ చూడలేదట. వాల్యూము పద్నాలుగులో పెట్టాను. ఎంత బావుందో చెప్పలేను. మంజీర గలగల, పద్యం చివర ఊపిరి తీసుకోవడం, అన్నీ వేరువేరుగా వినబడుతున్నాయి. గర్వంగా నాన్న వైపు చూశాను.

నాన్న చెయ్యి చాచి వాల్యూము ముప్ఫైకి తిప్పారు.

"ఇప్పుడు బాగుందిరా" అన్నారు. నా మొహం చూసి, నాకోసం అన్నట్టు.

నాకు కోపం వచ్చింది. దాచడమెందుకు, బాగా వచ్చింది. అంత డబ్బు పోసి, నాలుగు రోజుల సెలవు పోసి తలుపులు విప్పింది ఇందుకా? వెనక సీట్లోంచి అమ్మ చెవులు మూసుకుని అంది, "ఇంట్లో టీవీ కూడా అంతేరా. రెండేళ్ళయింది. నీకు చెప్పొద్దన్నారు."

కారులో ఎడమ ఇండికేటరు కొట్టుకుంటూనే ఉంది. ఎప్పటినుంచో తెలీదు. టిక్ టిక్ టిక్. నాకు వినబడుతోంది, అమ్మకి వినబడుతోంది. స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి వినబడట్లేదు.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఫోనులో నేనొకటి అడిగితే ఆయన ఇంకోటి చెప్పడం. నేను "నెట్‌వర్కు బాలేదు" అనుకోవడం. అమ్మకి ఫోనిచ్చేయడం. సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే బీప్‌ని అసలు ఖాతరు చెయ్యకపోవడం. లాగ్స్ అన్నీ కళ్ళెదురుగానే ఉన్నాయి. నేను మాత్రం పోయిందని తేలికగా కనబడ్డ పార్టు మార్చేసి టికెట్ క్లోజ్ చేశాను.

నాలుగు రోజులు బతిమాలితే విశాఖపట్నం వచ్చారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బయట నించుని చూస్తున్నాను. లోపల శబ్దం వెళుతోందని స్క్రీను మీద కనబడుతోంది. నాన్న బటన్ మీద వేలు పెట్టుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా, శ్రద్ధగా ఎదురుచూస్తున్నారు. నొక్కట్లేదు.

తర్వాత చేతికిచ్చిన కాగితం చూసి నాకు నోట మాట రాలేదు. అడ్డంగా హెర్ట్జ్, నిలువుగా డెసిబెల్స్. మూడు రోజులు నేను కళ్ళు కాయలు కాచేలా చూసిన స్పీకర్ల గ్రాఫు లాంటిదే. దాన్ని చదవడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. 250 నుంచి 1000 హెర్ట్జ్ దాకా ఫర్వాలేదు. అక్కణ్ణుంచి జారుడుబండ. 4000 దగ్గర పెద్ద గొయ్యి. 8000 దగ్గర మళ్ళీ కాస్త పైకి.

ఆడియాలజిస్టు అమ్మాయి తెలుగులో చక్కగా చెప్పింది. అచ్చులు కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటాయి, అవి వినబడతాయి. స, శ, త, క లాంటి హల్లుల పదును పైన ఉంటుంది, అది పోతుంది. అందుకే ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలీదు. మన భాష అజంత భాష కదా, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. నాన్న ఇన్నాళ్ళూ ఆ అచ్చుల్ని పట్టుకుని మధ్యలో హల్లుల్ని ఊహించుకుంటూ నెట్టుకొచ్చారన్నమాట.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్న: "సార్ ఏం పని చేసేవారు?"

జూట్ మిల్లు. మగ్గాల సెక్షన్లో సూపర్వైజరు. ముప్ఫైమూడేళ్ళు.

వయసు వల్ల పోయే వినికిడి పైనుంచి మెల్లగా జారుతుందిట. 4000 దగ్గర ఇలా గొయ్యి పడి మళ్ళీ లేస్తే, ఏళ్ళ తరబడి చప్పుడులో ఉన్న చెవి అని అనుమానించాలిట. లోపలి చెవిలో సన్నటి రోమకణాలుంటాయి, మనుషుల్లో అవి ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. మన దేశంలో రోజుకి ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్‌ని హద్దుగా పెట్టారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో, తెలియపరచవలసిన జబ్బుల్లో, చప్పుడు వల్ల వచ్చే వినికిడి లోపాన్ని కూడా చేర్చారు. నేను ఇదంతా చదివింది ఆ రోజు రాత్రి. అప్పటిదాకా నాకు చట్టమూ తెలీదు, ఆ మిల్లులో చప్పుడెంతో కూడా తెలీదు.

తిరుగు ప్రయాణంలో రామభద్రపురం దాటాక నాన్నే చెప్పారు. "మగ్గాల దగ్గర మాటలుండవురా. చేతి సైగలే, పెదాలు చూసి అర్థం చేసుకోడమే. షిఫ్టు దిగాక గంటసేపు చెవుల్లో హోరు ఉండేది. అందరికీ ఉండేది. దాన్ని జబ్బనుకోలేదు, జీతంలో భాగం అనుకున్నాం." చెవుల్లో పెట్టుకోడానికి ఏమైనా ఇచ్చేవారా అంటే, "దూది పెట్టుకునేవాళ్ళం, గుర్తున్నప్పుడు" అన్నారు. ఫిర్యాదు చేస్తున్న గొంతు కాదది. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు.

నా ఇంజనీరింగు ఫీజు ఆ జీతంలోంచే వచ్చింది. ఇంతకన్నా ఏం రాసినా సినిమా డైలాగులా ఉంటుంది, వదిలేస్తాను.

హియరింగ్ ఎయిడ్స్‌కి స్పీకర్ల ఖర్చుకి చాలా రెట్లయింది. దానికన్నా కష్టం ఆయన్ని ఒప్పించడం. కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నవాడంటారు, ఇది పెట్టుకుంటే చెవిటివాడంటారు అని ఆయన వాదన. మొదటి రెండు వారాలు తీసి పెట్టెలో పెట్టేశారు. పళ్ళాల చప్పుడు భరించలేకపోతున్నానన్నారు. అది మామూలేనట, ఏళ్ళ తరబడి అందని శబ్దాలకి మెదడు మళ్ళీ అలవాటుపడాలిట. అమ్మ రోజూ గంట పెంచుతూ పెట్టించింది. నేను మాత్రం ఫోనులో విసుక్కోవడం మానేశాను. నా వంతు రిపేరు అదే.

ఆ వేసవిలో మళ్ళీ ఊరెళ్ళాను. స్టేషన్ నుంచి ఇంటికి నాన్నే నడిపారు. మలుపు దగ్గర ఇండికేటరు వేసి, ఉన్నట్టుండి బండి స్లో చేసి, చెవి ఒగ్గి విన్నారు.

"ఏటిరా ఈ టిక్కుటిక్కు? స్పీకర్లతో పాటు కొత్తగా పెట్టించావా?"

"లేదు నాన్నా, కారు కొన్నప్పట్నుంచీ ఉంది."

"మరి చెప్పవేం?" అన్నారు.

ఇప్పుడు ఆ కారులో వాల్యూము పదిహేడు దాటదు. స్పీకర్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆ సాలూరాయన పనితనం. మీ ఊళ్ళోనూ పాత కారుంటే తప్పకుండా మార్పించండి, అంచులు చూడండి, ప్లస్సూ మైనస్సూ చూసి కలపండి. కానీ దానికన్నా ముందు పక్క సీట్లో కూర్చుని, అమ్మా నాన్నా వాల్యూము ఎంతలో పెడుతున్నారో ఒకసారి గమనించండి. అలాగే మనమూ. పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. క్యూబికల్లో పక్కవాడి గోల వినబడకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేసే మనకి, వారానికి నలభై గంటలంటే ఏమిటో వేరే చెప్పాలా? ఆ మాట కొస్తే నేనూ పరీక్ష చేయించుకున్నాను. గ్రాఫు ఇంకా తిన్నగానే ఉంది. ఆ కాగితాన్ని నాన్న కాగితం పక్కనే ఫైల్లో పెట్టాను.