బంతి కొండచిలువ

కొన్ని ప్రాణులకు బలాన్ని బట్టి పేరు వస్తుంది, కొన్నింటికి అందాన్ని బట్టి. ఆఫ్రికా ఖండపు ఒక చిన్న కొండచిలువకు మాత్రం దాని భయాన్ని బట్టి పేరు వచ్చినది. బెదరినప్పుడు అది సాధారణంగా కాటుకు రాదు. తలను నడుమ దాచుకొని, చుట్టలు చుట్టుకొని బంతివలె అయిపోతుంది. అందుచేతనే ఇంగ్లీషువారు దానిని బాల్ పైథాన్ అన్నారు. రాజ కొండచిలువ అనే అర్థమిచ్చే మరొక పేరు కూడా దానికి ఉన్నది. పిరికితనమూ రాచరికమూ ఒకే ప్రాణికి పేర్లుగా అబ్బడం ఒక విచిత్రం. ఈనాడు లోకంలో ఇళ్లలో అత్యధికంగా పెంచబడే పాములలో అది ఒకటి కావడం మరొక విచిత్రం.

సెనెగల్ నుండి ఉగాండా వరకు వ్యాపించిన పచ్చిక నేలలు దాని స్వస్థలం. నాలుగైదు అడుగులకు మించి పెరగడం అరుదు. పగలంతా ఎలుక బొరియలలోను, చెదపుట్టలలోను అణగి ఉండి, రాత్రివేళ వెలికి వస్తుంది. చెదలు కట్టిన పుట్ట పాముకు ఇల్లు కావడం భారతీయులకు కొత్త సంగతి కాదు. మనవలెనే అక్కడ కూడ కొందరు ఈ పామును పూజిస్తారు. బెనిన్ దేశపు ఉయ్‌దా పట్టణంలో ఈ కొండచిలువలకు ఒక ఆలయమున్నది. ఇంటిలోకి వచ్చిన పామును అక్కడివారు చంపరు. అతిథిగా ఎంచి తిరిగి ఆలయానికి చేరుస్తారు. అదే తీరం నుండి, ఘానా, టోగో, బెనిన్ దేశాల రేవుల మీదుగా, ఈ పాములు వేలకు వేలుగా విదేశాల అంగళ్లకు తరలిపోయినవి. ఒకచోట దైవము, మరొకచోట సరుకు.

ఇంటికి తెచ్చుకొన్నవాడు మొదట నేర్వవలసినది ముట్టకుండా ఉండడం. కుక్కను పెంచినవానికి ప్రేమ అంటే నిమరడం, పిలవడం, పలకరించడం. ఈ పాముకు అవేవీ అక్కరలేదు. దానికి కావలసినది పెట్టెలో ఒక ప్రక్క 32 డిగ్రీల సెంటీగ్రేడు వెచ్చదనం, రెండవ ప్రక్క 26 డిగ్రీల చల్లదనం, గాలిలో 60 శాతం తేమ, దేహానికి ఒత్తుకొనేటంత ఇరుకైన రెండు దాగుడుచోట్లు. పెరిగిన పాముకు వారానికో, రెండు వారాలకో ఒక ఎలుక చాలును. ఒక్కొక్కప్పుడు అదీ ఒల్లక నెలల తరబడి ఉపవాసం చేస్తుంది. అప్పుడు సాకేవాని ప్రాణం కొట్టుకొంటుంది. మాటిమాటికి పెట్టె తెరిచి చూచి, ఆహారం ముందుకు నెట్టి, దాని భయాన్ని మరింత పెంచుతాడు. తెలిసినవాడు తూకం వేస్తాడు. పెరిగిన పాము బరువు తగ్గకుండా ఉన్నంతవరకు మూత వేసి వేచి ఉంటాడు. తరుగుదల కనిపిస్తేనే పశువైద్యుని వద్దకు పోతాడు.

కుబుసం విడిచే కాలం ఓర్పుకు మరొక పరీక్ష. మొదట చర్మపు రంగు మాసిపోతుంది. పాముకు కనురెప్పలు లేవు; పారదర్శకమైన ఒక పొలుసు కంటిని కప్పి ఉంటుంది. అది కొన్నాళ్లు నీలిపొగ కమ్మినట్లు తెల్లబారుతుంది. చూపు మందగించిన ఆ రోజులలో పాము మరింతగా బెదురుతుంది. తరువాత కన్ను తేటపడుతుంది. పని ముగిసినదని చూచేవారు భ్రమపడతారు. నిజానికి కుబుసం ఊడేది ఆపైన మరి కొన్ని రోజులకు. పాము పెదవులను రాతికో కర్రకో రాచుకొని, పాతచర్మాన్ని తిరగవేసిన మేజోడువలె విడిచి ముందుకు సాగుతుంది. కంటిపొర కూడ దానితోనే రావలెను. తేమ చాలకపోతే కుబుసం ముక్కలు ముక్కలై అంటుకొంటుంది. చేతితో లాగితే క్రింది లేతచర్మం గాయపడుతుంది. తడి నాచు పరచిన పెట్టెలో విడిచి, పాము పనిని పాముకే వదలడం మేలు.

జోడుకట్టే రోజులలో మగది తరచు ఆహారం మానుతుంది. ఆడది గుడ్లు ఎదిగేటప్పుడు నీటిగిన్నెను చుట్టుకొని పడుకొంటుంది. ఒక్కొక్కప్పుడు పొట్ట పైకి త్రిప్పి పడుకోవడమూ కద్దు. గుడ్లు పెట్టడానికి సుమారు నెల ముందు ఒకసారి కుబుసం విడుస్తుంది. అనుభవజ్ఞులు ఆనాటి నుండే రోజులు లెక్కిస్తారు. నాలుగు మొదలు ఎనిమిది వరకు గుడ్లు పెట్టి, వాటిని చుట్టలతో పూర్తిగా కప్పి, రమారమి రెండు నెలలు కదలక మెదలక ఉంటుంది. ఆ కాలమంతా ఆహారం ముట్టదు. భారతీయ కొండచిలువ తల్లి కండరాలను అదిలించి గుడ్లకు వేడి పుట్టించగలదు. ఈ చిన్నదానికి ఆ శక్తి లేదు. అయినను దాని కౌగిలి వృథా కాదు. గుడ్లలోని తేమ ఆరిపోకుండ కాస్తుంది.

మానవుడు ఆ కౌగిలిని విప్పి, గుడ్లను యంత్రపు పెట్టెలో పొదిగించడం నేర్చినాడు. 1992లో అమెరికాలో ఈ జాతి తెల్లపాములకు పెంపకంలో తొలిసారి పిల్లలు కలిగినవి. నాటి నుండి కొత్త కొత్త రంగుల వేట సాగుతున్నది. స్పైడర్ అనే రకంలో అందమైన చారలతోబాటు తల వణికే లోపం కూడ పుట్టుకతో వస్తుంది. తల నిలుపుకోలేని పామును అందం కోసం పుట్టించడం ఏపాటి ప్రేమ? మన దేశంలో 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నాటి నియమాలు ఇటువంటి విదేశీ ప్రాణుల యాజమాన్యాన్ని, జననాన్ని, మరణాన్ని నమోదు చేయవలెనని శాసించినవి. లెక్క రాయించగల చట్టం మనసును మార్చలేదు.

అమెరికాలోని సెయింట్ లూయీ జంతుశాలకు 1961లో చేరిన ఒక ఆడపాము, అరువదేండ్లు దాటిన ముసలితనంలో, 2020 జూలైలో ఏడు గుడ్లు పెట్టినది. అప్పటికి 15 ఏళ్లకు పైగా అది మగపాము సాంగత్యం ఎరుగదు. ఆడపాము వీర్యాన్ని ఏళ్ల తరబడి దాచుకోగలదు; మగ లేకయే గర్భం ధరించడమూ ఉన్నది. దానిని సాకిన చేతులు ఎన్ని మారినవో! ఒక తరం తీసుకొన్న పూచీని మరొక తరం మోయవలసి వచ్చినది. తన్ను గుర్తుపట్టని, తనకు కృతజ్ఞత చూపని ప్రాణికి, తన కాలం తీరిన తరువాత కూడ వెచ్చదనమూ తడీ చీకటీ అమర్చిపోగలవాడే దానిని పెంచడానికి అర్హుడు.