వూల్స్‌థోర్ప్ గోడల మీద గీతలు

లండన్ నుంచి ఉత్తరానికి పోయే ఏ-1 రోడ్డు మీద, గ్రాంథమ్ ఇంకా ఎనిమిది మైళ్లుందనగా పక్కకు తిరిగితే వూల్స్‌థోర్ప్ వస్తుంది. నాలుగడుగులు వేస్తే అయిపోయే ఊరు. ఐజాక్ న్యూటన్ పుట్టిన మేనర్ హౌస్ ఇక్కడే. సున్నపురాయితో కట్టిన రెండంతస్తుల ఇల్లు, చుట్టూ గొర్రెల మేత పొలాలు. 1623లో తాత రాబర్ట్ ఈ మేనర్‌ను కొన్నాక ఊరి మీద కొన్ని దొరతనపు హక్కులు కూడా కుటుంబానికి దక్కాయి. అయినా ఇది కాపు ఇల్లే, కోట కాదు.

వచ్చినవాళ్లు ముందు ఇంటి ఎదుట ఉన్న ఆపిల్ చెట్టు దగ్గరికే పోతారు. నేనూ అటే పోయాను. 1820లో గాలివానకు ఒరిగిపోయిన చెట్టు మళ్లీ వేళ్లూని చిగిర్చింది. తొక్కిడికి దెబ్బతినకుండా చుట్టూ దడి అల్లారు. ఫ్లవర్ ఆఫ్ కెంట్ అనే రకం, వండుకు తినే పండు. ఆపిల్ రాలడం చూసి ఆలోచనలో పడ్డానని న్యూటన్ ముసలితనంలో, 1726లో, స్టూక్లీ అనే మిత్రుడికి చెప్పాడు. నెత్తిన పడిందన్న మాట అందులో లేదు.

నేను ఎక్కువసేపు నిలబడింది ఇంట్లో గోడల దగ్గర. గోడల గచ్చు మీద మేకుతోనో చాకుతోనో గీసిన వృత్తాలు, గీతలు ఉన్నాయి. వెలుతురు పక్కవాటుగా పడితేనే కనిపిస్తాయి. 2017లో ప్రత్యేకమైన లైట్లతో పరిశీలిస్తే పొయ్యిగూడు పక్కన ఒక గాలిమర బొమ్మ బయటపడింది. దగ్గర్లో గాలిమర కడుతుంటే చూసి పిల్లవాడు గీసి ఉంటాడంటారు.

ఆ పిల్లవాడి సంగతి తెలిస్తే గీతలు వేరుగా కనిపిస్తాయి. పుట్టేనాటికి తండ్రి పోయి మూడు నెలలు. మూడేళ్లప్పుడు తల్లి హన్నా మారుమనువు చేసుకుని మైలున్నర దూరంలోని నార్త్ విథమ్‌కు వెళ్లిపోయింది. వాణ్ని అమ్మమ్మ దగ్గర వదిలేసింది. అమ్మనూ మారుతండ్రినీ ఇంటితో సహా తగలబెడతానని బెదిరించినట్టు న్యూటన్ పంతొమ్మిదేళ్ల వయసులో తన పాపాల జాబితాలో రాసుకున్నాడు. ఆ కోపం ఎంతకాలం లోపల దాచుకున్నాడో!

రెండో భర్త పోయాక తిరిగొచ్చిన తల్లి కొడుకును సేద్యంలో పెట్టింది. గొర్రెలు పరచేల్లో పడ్డాయని 1659లో మేనర్ కోర్టు అతనికి జరిమానా వేసింది. చివరికి బడి పంతులు, మేనమామ నచ్చజెబితే 1661లో కేంబ్రిడ్జికి పంపింది. 1665లో ప్లేగు వచ్చి కాలేజీ మూసేస్తే మళ్లీ ఇక్కడికే వచ్చాడు. కలన గణితానికి, రంగుల రహస్యానికి, గురుత్వాకర్షణ ఆలోచనకు పునాది ఆ రోజుల్లో పడింది.

మేనర్ నుంచి దగ్గర్లోని కోల్‌స్టర్‌వర్త్ చర్చికి నడిచాను. ఆర్గన్ వాద్యం వెనక గోడలో, తొమ్మిదేళ్ల న్యూటన్ కలం చెక్కే చాకుతో చెక్కిన నీడగడియారం ఉంది. మేనర్ ఇంటి రాయే అది, 1877లో ఇక్కడ అమర్చారు, అదీ తలకిందులుగా. దాన్ని చెక్కేనాటికి తల్లి ఇంకా నార్త్ విథమ్‌లోనే ఉంది. ఒంటరి పిల్లవాడు గోడ మీద ఎండ ఎటు జరుగుతోందో రోజూ కనిపెట్టి చూస్తేగానీ అలాంటిది చెక్కలేడు. మేనర్ చూడవచ్చినవారు ఇక్కడిదాకా తప్పకుండా రావాలి. దూరం మైలు కూడా లేదు.